రంగులరాట్నం లెక్క

సంక్రాంతి తీర్థాలు మొదలుకొని భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం దాకా, గోదావరి జిల్లాల్లో జనం పోగయ్యే చోటల్లా ఒక పక్కన ఇనుప చట్రాల ఊరు ఒకటి వెలుస్తుంది. జెయింట్ వీల్, కొలంబస్ పడవ, టోరాటోరా, బ్రేక్ డ్యాన్స్, చంటిపిల్లల గుర్రాల రాట్నం, గుండ్రంగా తిరిగే చిన్న రైలు. ఊరు మారినా ఈ జాబితా పెద్దగా మారదు. లారీల మీద వచ్చి, నాలుగు రోజులు తిరిగి, మళ్లీ విప్పి కట్టుకుపోయే ఈ యంత్రాల్లో ప్రతిదీ ఒక పరీక్ష నెగ్గి వచ్చిందే. అద్దె నేల మీద, లెక్కపెట్టిన రోజుల్లో, టిక్కెట్టు డబ్బుతో డీజిలు ఖర్చూ కూలి ఖర్చూ రాబట్టలేని యంత్రం మరుసటి ఏడు లారీ ఎక్కదు. వందల కోట్లు పెట్టి కట్టే థీమ్ పార్కులు కొత్త రోలర్ కోస్టర్‌ను ఎంచుకునేటప్పుడు వేసుకునే లెక్క కూడా స్వభావంలో ఇదే. బయటివాళ్లకు మాత్రం ఆ ఎంపిక ఎత్తుల పోటీలా కనిపిస్తుంది. ఎవరిది ఎక్కువ ఎత్తు, ఎవరిది ఎక్కువ వేగం, ఎవరిది ఎన్నిసార్లు తలకిందులు చేస్తుంది? ఇంటిల్లిపాదీ వచ్చే పార్కులో ఈ ప్రశ్నలు ఆఖర్న రావాలి. ముందు అడగాల్సినవి మూడు: ఇంట్లో ఎంతమంది కలిసి ఎక్కగలరు, గంటకు ఎంతమంది ఎక్కగలరు, అక్కడి నేలా గాలీ దాన్ని ఎన్నేళ్లు మోయగలవు. ఈ మూడింటికీ జవాబు వెతికితే, గోదావరి డెల్టాకు ఎత్తైన కోస్టర్ కంటే పొట్టి కోస్టరూ నీటి రైడ్లూ ఎందుకు మేలో భౌతికశాస్త్రమే తేల్చి చెబుతుంది.

రోలర్ కోస్టర్ పుట్టుకలోనే దీనికి ఒక సాక్ష్యం ఉంది. 1884లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ సముద్రపుటొడ్డున లామార్కస్ థాంప్సన్ చెక్కతో స్విచ్‌బ్యాక్ రైల్వే కట్టాడు. దాని వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లు. కాలవగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పోయే మనిషి దాన్ని తేలిగ్గా దాటేస్తాడు. టిక్కెట్టు 5 సెంట్లు. అయినా జనం విరగబడ్డారు, ఆ బండి ఒక పరిశ్రమకే అంకురమైంది. ఇప్పుడు రెండో కొసకు వద్దాం. అమెరికాలోని న్యూజెర్సీలో 2005లో మొదలైన కింగ్డా కా ఎత్తు 139 మీటర్లు, వేగం గంటకు 206 కిలోమీటర్లు. ఎత్తులో ప్రపంచ రికార్డు చేతిలో ఉండగానే 2024లో దాన్ని ఆపేశారు. 2025 ఫిబ్రవరిలో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం చేయకూడదు, నిజమే. ఎత్తైన కోస్టర్లు చాలా చోట్ల నిక్షేపంగా నడుస్తున్నాయి కూడా. అయితే రికార్డు అనేది ఒక రైడ్‌కు ఆయుష్షు పోయదని మాత్రం దీన్నిబట్టి ఒప్పుకోవాలి. నడకకు కాస్త ఎక్కువ వేగంతో పోయిన బండి చరిత్రలో నిలిచిపోవడానికీ, విమానంలా దూసుకుపోయింది పాతిక సీజన్లు కూడా చూడకపోవడానికీ మధ్య ఉన్న తేడా ఎక్కడుందో వెతకాలి.

ఆ వెతుకులాట ఎత్తుతోనే మొదలుపెడదాం. మామూలు కోస్టర్‌కు ఇంజను ఉండదు. గొలుసు పెట్టెల్ని పైకి లాగి వదిలేస్తుంది, ఆ తరవాత పనంతా గురుత్వాకర్షణదే. ఎత్తు మీద దాచుకున్న శక్తి దిగేటప్పుడు వేగంగా మారుతుంది. గాలినీ రాపిడినీ పక్కన పెడితే, 10 మీటర్లు దిగిన పెట్టె గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. వేగం రెట్టింపు చేసి 100కు చేర్చాలంటే ఎత్తు ఎంత కావాలి? 20 మీటర్లు చాలవు, 40 కావాలి. వేగం ఎత్తుతో సమంగా పెరగదు, ఎత్తు వర్గమూలంతో పెరుగుతుంది. అంటే రెట్టింపు వేగానికి నాలుగింతల ఎత్తు కట్టాలి. ఖర్చు అక్కడితో ఆగితే ఫరవాలేదు. నిలువుగా నిలబెట్టిన ఏ చట్రానికైనా పెద్ద శత్రువు గాలి. ఎత్తు నాలుగింతలైతే గాలికి ఎదురొడ్డే ఇనుమూ నాలుగింతలవుతుంది, ఆ తోపుడు పనిచేసే చెయ్యీ నాలుగింతల పొడుగవుతుంది. రెండూ గుణించుకుంటే, చట్రాన్ని పునాది దగ్గర బోర్లా పడదోసే బలం పదహారింతలు. పైకి పోయేకొద్దీ గాలి వేగం ఇంకా పెరుగుతుంది కాబట్టి నిజానికి ఇంతకంటే ఎక్కువే. టిక్కెట్టు కొన్నవాడికి దక్కేది రెట్టింపు వేగం, కట్టినవాడి నెత్తిన పడేది పదహారింతల భారం. కుటుంబ పార్కుల ఇంజనీర్లు పొట్టి కోస్టర్‌ వైపు మొగ్గడానికి మొదటి కారణం ఈ లెక్కే.

అంత వేగాన్ని ఒళ్లు నిజంగా గుర్తిస్తుందా అన్నది తరవాతి ప్రశ్న. రాజమండ్రి నుంచి విశాఖకు పోయే రైల్లో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతూ జనం కునుకు తీస్తారు, టీ గ్లాసు తొణకదు. ఒంటికి వేగం తెలియదు, వేగంలో వచ్చే మార్పే తెలుస్తుంది. లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు ఉంటాయి. తల తిరిగే తీరును పట్టేవి అవే. వాటి పక్కనే సున్నపు రేణువులున్న మరో రెండు సంచులు ఒరుగునూ, కుదుపునూ, పడిపోవడాన్నీ పసిగడతాయి. ఈ అవయవాలకు వేగమాపకం లేదు. అందుకే ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో 1975లో మొదలైన స్పేస్ మౌంటెన్ గంటకు సుమారు 45 కిలోమీటర్లతోనే పోతున్నా, చీకట్లో మలుపు ఎటు వస్తుందో తెలియక ఎక్కినవాళ్లు అంతకు రెండింతలు పోయామనుకుని దిగుతారు. పొట్టి కోస్టర్ పట్టాలను కొమ్మలకూ గోడలకూ ఆనుకున్నట్టు పోనిస్తే జరిగేదీ ఇదే. దగ్గరి వస్తువు కంటి ముందు నుంచి చప్పున జారిపోతుంటే మెదడు దాన్ని వేగంగా లెక్కకడుతుంది. అంటే పులకింతకు ముడిసరుకు ఎత్తు ఒక్కటే కాదు. చీకటీ, దగ్గరితనమూ, ఊహించని ఒంపూ చౌకగా దొరికే ముడిసరుకులు. ఇలాంటివి ఎరిగిన పార్కు యాభై మీటర్ల ఇనుముకు బదులు ఒక రేకుల షెడ్డూ, నాలుగు వెదురు పొదలూ పెట్టి అంత పనీ చేయించుకోగలదు.

తీర్థంలోని కొలంబస్‌ను ఇక్కడ కాస్త దగ్గరగా చూడాలి. పేరుకు ఒక్క పడవే గానీ, అందులో వరుసకొక రైడ్ ఉంటుంది. నడిమి వరుసలో కూర్చుంటే ఉయ్యాల ఊగినట్టు ఉంటుంది. కొసన కూర్చుంటే పడవ అంచుకు లేచినప్పుడు కింద నుంచి సీటు తప్పుకున్నట్టై కడుపులో దూది పింజ తేలుతుంది. పడవ ఊపు చివరకొచ్చి ఒక్క క్షణం ఆగి మళ్లీ దిగేటప్పుడు, కొసవాళ్ల కదలిక దాదాపు నిట్టనిలువుగా కిందికి ఉంటుంది. అప్పుడు సీటు వాళ్లను మోయాల్సిన బరువు బాగా తగ్గిపోతుంది. మధ్యవాళ్లది ఏటవాలు దిగుడు, కాబట్టి వాళ్లకు ఆ తేలిక తక్కువ. ఫలితం ఏమిటంటే, బామ్మగారు నడిమి వరుసలో, ఇంటర్ చదివే మనవడు కొస వరుసలో, ఒకే టిక్కెట్టు ధరకు, ఒకే సమయంలో, ఒకరి కేకలు ఒకరు వింటూ తమకు తగిన మోతాదు తీసుకుంటారు. మోతాదు ఎంచుకునే వీలు ఎక్కేవాళ్ల చేతుల్లోనే ఉండటం కుటుంబ రైడ్‌కు ఉండాల్సిన గొప్ప లక్షణం. టోరాటోరా, బ్రేక్ డ్యాన్స్‌లలో ఆ వీలు లేదు. గిరగిరా తిరిగేటప్పుడు లోపలి చెవిలోని ద్రవం ఒక మాట చెబుతుంది, కన్ను ఇంకొకటి చెబుతుంది. ఆ తగువు తీరక మెదడు కడుపును తిప్పేస్తుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఈ బాధ ఎక్కువని వైద్యశాస్త్రం చెబుతోంది. నడివయసువాళ్లలో చాలామంది కూడా తిరుగుడు రైడ్ దిగి కాసేపు కుర్చీ వెతుక్కుంటారు. అందుకే పార్కులు ఇలాంటివాటిని ఒకటో రెండో పెట్టుకుంటాయి గానీ, వాటిమీదే బండి నడపవు.

తలకిందులు చేసే కోస్టర్ల సంగతీ ఈ చోటే చూడాలి. 1895లో కోనీ ఐలాండ్‌లోనే ఫ్లిప్ ఫ్లాప్ అనే బండికి అచ్చం గాజులా గుండ్రటి లూప్ పెట్టారు, ఎక్కినవాళ్లు మెడ పట్టుకుని దిగారు. గుండ్రటి లూప్ పైకొసన మనిషి పడిపోకుండా సరిగ్గా చాలినంత వేగం ఉండాలంటే, లూప్ అడుగున అతడిమీద పడే బరువు అతడి అసలు బరువుకు ఆరింతలవుతుంది. 60 కిలోల మనిషి ఒక్క క్షణం 360 కిలోలు మోస్తాడన్నమాట. ఈ ముడిని 1976లో అమెరికాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కు కోసం జర్మన్ ఇంజనీర్లు ఆంటన్ ష్వార్జ్‌కాఫ్, వెర్నర్ స్టెంగెల్ విప్పారు. అడుగున విశాలంగా, పైన ఇరుకుగా ఉండే కన్నీటిబొట్టు ఆకారపు లూప్‌తో వాళ్లు కట్టిన రెవల్యూషన్ తరవాత లూప్ సురక్షితమైంది. మన నేలమీద ఆ సంతతి చూడాలంటే హైదరాబాద్ శివారు రావిర్యాలకు పోవాలి. 2016లో మొదలైన వండర్లాలో రీకాయిల్ అనే కోస్టర్ ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా సంస్థ బూమరాంగ్ అనే పేరుతో ప్రపంచమంతటా అమ్మిన నమూనా ఇది. ఎత్తు సుమారు 35 మీటర్లు, వేగం గంటకు 75 కిలోమీటర్ల పైచిలుకు. ముందుకు పోయేటప్పుడు మూడుసార్లు, అదే దారిలో వెనక్కి వచ్చేటప్పుడు మూడుసార్లు తలకిందులు చేస్తుంది. పట్టాల పొడవు 300 మీటర్ల లోపే. తక్కువ జాగాలో ఆరు పల్టీలు ఇచ్చే నమూనా కాబట్టే అన్నన్ని పార్కులు దాన్ని కొన్నాయి. ఇంజనీరింగ్‌గా అది ఒక చక్కటి పరిష్కారం. అయితే ఒక కుటుంబం మొత్తం దానిముందు నిలబడ్డప్పుడు ఎంతమంది లోపలికి పోతారు, ఎంతమంది బయట సంచులు పట్టుకుని కూర్చుంటారు అన్నది వేరే లెక్క.

ఆ లెక్కకు గేటు దగ్గర పాతిన కొలబద్దే మొదటి అధికారి. పిల్లల ధైర్యాన్ని కొలవడానికి అది పెట్టలేదు, వాళ్ల ఒళ్లోకి కమ్మీ సరిగ్గా కూర్చుంటుందో లేదో చూడటానికి పెట్టారు. తల్లీ బిడ్డా పక్కపక్కనే కూర్చుని ఇద్దరికీ కలిపి ఒకే కమ్మీ వాల్చారనుకోండి. ఆ కమ్మీ తల్లి తొడలమీద ఆగిపోతుంది. బిడ్డ ఒడికీ కమ్మీకీ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. బండి గుట్ట దాటి సీటు తేలికైనప్పుడు ఆ జానెడే ప్రమాదం. అందుకే మంచి కుటుంబ కోస్టర్లలో ఎవరి కమ్మీ వాళ్లకే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం ఐదేళ్ల బిడ్డ మధ్యస్థ ఎత్తు సుమారు 110 సెంటీమీటర్లు, పదేళ్ల బిడ్డది సుమారు 138. కొలబద్ద మీద గీత 105 దగ్గర ఉంటే ఒకటో తరగతి పిల్లలు ఎక్కుతారు. 140 దగ్గర ఉంటే ప్రాథమిక పాఠశాల మొత్తం బయట ఉండిపోతుంది. వాళ్లతో పాటు ఒక పెద్ద కూడా ఉండిపోవాలి. నలుగురున్న ఇంట్లో ఇద్దరే ఎక్కే రైడ్‌కు పార్కు పూర్తి జాగా, పూర్తి కరెంటు ఖర్చు పెడుతున్నట్టు. మన వైపు ఇంకో కొలత కూడా కలపాలి. పైట కొంగు, చున్నీ, పంచె అంచు, పొడుగు జడ. చక్రాలూ గొలుసులూ తెరిచి ఉన్న యంత్రానికి ఇవన్నీ చిక్కులే. మెట్టు మోకాలెత్తు ఉంటే అరవై దాటినవాళ్లు అక్కడే ఆగిపోతారు. యూరప్ పటంలో చక్కగా ఉన్న బండిని మన బట్టలకూ, మన మోకాళ్లకూ సరిచూసుకోకుండా దించుకుంటే సగం సీట్లు ఖాళీగా తిరుగుతాయి.

సీట్ల మాట వచ్చింది కాబట్టి గంట లెక్కకు వద్దాం. పార్కు నడిపేవాళ్లు రాత్రిళ్లు నిద్రపట్టక వేసుకునేది ఈ లెక్కే. బూమరాంగ్ బండిలో 28 సీట్లు. కాగితం మీద గంటకు సుమారు 760 మంది ఎక్కవచ్చు. అంటే రెండు నిమిషాల పన్నెండు సెకన్లకొకసారి బండి కదలాలి. చెప్పులు విప్పడం, ఫోన్లు అప్పగించడం, బెల్టులు లాగి చూడటం పూర్తయ్యేసరికి నాలుగు నిమిషాలు పడితే గంటకు 420 మందికి పడిపోతుంది. దసరా సెలవుల్లో 4,000 మంది వచ్చి 8 గంటలు ఉన్నారనుకుందాం. మనిషికి గంటకొక రైడ్ అయినా దక్కాలంటే పార్కు మొత్తం గంటకు 4,000 సీట్లు తిప్పాలి. పేరుమోసిన ఆ ఒక్క కోస్టర్ రోజంతా ఆగకుండా తిరిగినా 3,360 మందికే అందుతుంది. మిగతావాళ్లకు అది చూసి పోయే బొమ్మ. అదే నీటి కాలవలో తేలిపోయే పడవల రైడ్ తీసుకోండి. 12 మంది పట్టే పడవ అరనిమిషానికొకటి బయల్దేరితే గంటకు 1,440 మంది. ఒక పడవ ఎక్కించుకుంటుండగా మరొకటి కదులుతుంది కాబట్టి వరుస ఆగదు. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో డిస్నీ ‘ఇట్స్ ఏ స్మాల్ వరల్డ్’ పడవలతో చూపింది ఇదే. జనాన్ని వేగంగా తోయకుండా, ఆపకుండా పంపడం ఒక శాస్త్రం. అది ఎంత ముఖ్యమో రాజమహేంద్రవరానికి వేరే చెప్పక్కర్లేదు. 2015 జులై 14న పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 ప్రాణాలు పోయాయి. జనం తాకిడికి సరిపడా దారి లేకపోతే భక్తి అయినా వినోదమైనా ఒకటే ముగింపు.

ఇక డెల్టా నేలా గాలీ ఏమంటున్నాయో వినాలి. కట్టడాలమీద గాలి ఒత్తిడిని లెక్కించడానికి మన దేశంలో వాడే ప్రమాణంలో సూత్రం చిన్నదే. సెకనుకు ఇన్ని మీటర్లన్న గాలి వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణించాలి. హైదరాబాద్‌కు లెక్కలో తీసుకోవాల్సిన మౌలిక వేగం సెకనుకు 44 మీటర్లు, తుపాన్లు తాకే ఆంధ్ర తీరపు పట్టీకి 50. చూడటానికి తేడా ఆరే. వర్గం చేస్తే చదరపు మీటరుకు హైదరాబాద్‌లో సుమారు 1,160 న్యూటన్లు, తీరంలో 1,500. దాదాపు ముప్పై శాతం ఎక్కువ. 1996 నవంబర్ 6 రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా ఒరిగిపోయాయో చూసిన తరానికి ఈ అంకెలు కాగితం లెక్కలు కావు. నేల ఇంకో సమస్య. గోదావరి వేల ఏళ్లుగా మోసుకొచ్చి పరిచిన ఒండ్రు, ఇసుక, బంకమట్టి పొరల మీద, నాలుగడుగులు తవ్వితే నీరూరే చోట బరువైన స్తంభాలు నిలబెట్టాలంటే లోతుకు పైల్స్ దించాలి. మొత్తం చట్రం సమంగా కుంగితే కోస్టర్‌కు ఇబ్బంది లేదు. ఒక కాలు ఎక్కువ, పక్క కాలు తక్కువ కుంగితే పట్టా వంపు మారిపోతుంది. అలా మారిన వంపు మీద బండి పోయిన ప్రతిసారీ కుదుపు వస్తుంది, కుదుపు బోల్టునూ వెల్డింగునూ తింటుంది. దానికి సముద్రపు ఉప్పుగాలి తోడు. ఎత్తైన ఇనుముకు రంగు వేయడమే ఏటా ఒక ప్రాజెక్టు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, ఆపైన తుపాన్ల నెలలు. గాలి గట్టిగా వీస్తే ఎత్తైన కోస్టర్‌ను ఆపెయ్యాలి. ఆగిన రోజున దాని మీది అప్పు ఆగదు. వరదనూ మరిచిపోకూడదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. లంకల్లో ఏది కట్టినా ఆ వరద మట్టానికి పైన విద్యుత్ గది ఉండాలి, నాలుగు రోజుల ముందస్తు హెచ్చరికతో విప్పి తీసుకుపోగలిగేలా పెట్టెలుండాలి. లారీలో సర్దుకుపోయే తీర్థం రైడ్ల తెలివి ఈ చోట చాలా పెద్దది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం కుర్రాళ్ల నుంచి వస్తుంది. పొట్టి కోస్టర్ పిల్లల ఆట, పోస్టర్ మీద బొమ్మ పడాలంటే పెద్దదే కావాలి, వండర్లా 2025 డిసెంబర్‌లో చెన్నైలో కొత్త పార్కు తెరిచినప్పుడు కాళ్లు గాల్లో వేలాడే తంజోరా కోస్టర్‌నే ముందు పెట్టింది కదా అంటారు. మాట నిజమే. పెద్ద కోస్టర్ జనాన్ని గేటు దాకా లాక్కొస్తుంది. అయితే అలా వచ్చినవాళ్లను సాయంత్రం దాకా నిలిపేదీ, వచ్చే ఏడు మళ్లీ రప్పించేదీ మిగతా రైడ్లే. చెన్నై, హైదరాబాద్ లాంటి చోట కోటి దాకా జనం గంట దూరంలో ఉంటారు. అందులో కుర్రాళ్ల వాటాతోనే ఒక పెద్ద యంత్రం కడుపు నిండుతుంది. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి తూర్పు గోదావరి జనాభా 51 లక్షల పైన, పశ్చిమ గోదావరి 39 లక్షల పైన. రెండూ కలిపితే 90 లక్షలు దాటే మాట వాస్తవం. కానీ వాళ్లు ఒక నగరంలో లేరు, తుని నుంచి నరసాపురం దాకా ఊళ్లలో పరుచుకుని ఉన్నారు. అలాంటి చోట నుంచి పార్కుకు ఒక్క కుర్రాడు బైకు మీద రావడం కంటే, ఆటోలోనో కారులోనో ఇల్లంతా కదిలి రావడమే మామూలు. టిక్కెట్టు కొనేది ఇల్లు, అందుకే ఎంపికలో ఓటూ ఇంటిదే. పైగా కుటుంబ రైడ్లలో చాలావాటిని మన దేశంలోనే తయారు చేసుకోవచ్చు. వండర్లాకే కొచ్చిలో సొంత రైడ్ల తయారీ కేంద్రం ఉంది. బేరింగు పోతే రెండు రోజుల్లో దొరికే యంత్రానికీ, విడిభాగం ఓడలో రావాల్సిన యంత్రానికీ మధ్య తేడా సెలవుల సీజన్లో తెలిసొస్తుంది.

రెండో అభ్యంతరం దీనికి సరిగ్గా ఎదురుది. చిన్నదైతే క్షేమమనీ, నీటి మీదిదైతే ఇంకా క్షేమమనీ ఈ వాదన మభ్యపెట్టడం లేదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చకూడదు. డెల్టా జనం తరతరాలుగా ఇంటిల్లిపాదీ ఎంచుకున్న విహారం పాపికొండల పడవ ప్రయాణం. అందులో లూపూ లేదు, గొలుసూ లేదు. అయినా 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ప్రమాదం వేగంలోనో ఎత్తులోనో దాగి ఉండదు. ఏ రోజు నడపాలి, ఏ రోజు ఆపాలి, ఎవరు ఆపాలి అన్న నిర్ణయాల్లో ఉంటుంది. కాబట్టి చిన్న రైడ్‌ను ఎంచుకోవడం క్షేమానికి హామీ కాదు, క్షేమాన్ని కాపాడుకోవడానికి వీలు మాత్రమే. పది మీటర్ల ఎత్తున్న పట్టాను ఒక మెకానిక్ పొద్దున్నే నడిచి, ప్రతి బోల్టునూ సుత్తితో తట్టి చూడగలడు. వంద మీటర్ల ఎత్తున్నదాన్ని చూడటానికి క్రేనూ, కెమెరా, తర్ఫీదు పొందిన బృందమూ కావాలి. మూడడుగుల లోతున్న సిమెంటు కాలవలో పంపులు తోసే పడవను ఒక్క మీట నొక్కి ఆపవచ్చు. వరద నదిలో పడవకు ఆ మీట లేదు. మనవాళ్లు రోజూ చేయగలిగిన తనిఖీకి లొంగే యంత్రమే మనకు క్షేమమైన యంత్రం.

మూడో మాట ఒకటుంది, అది గోదావరివాళ్ల గర్వం నుంచి వచ్చేది. ఇంత నది, ఇన్ని లంకలు, కడియం పూలతోటలు ఉండగా ఇనుప బొమ్మలెందుకు అని. ఆ గర్వాన్ని తోసెయ్యక్కర్లేదు, రైడ్ ఎంపికకు దాన్నే వాడుకోవచ్చు. థీమ్ అన్న మాటకు అర్థమే కథ. బ్రిటిష్ ఇంజనీరు కాటన్ తవ్వించిన కాలవలు ఒకప్పుడు పొలాలకు నీళ్లు పారించడంతో పాటు పడవలూ నడిపాయి. ఆ కాలవ ప్రయాణాన్ని చీకటి సొరంగంలో పడవ మీద తిప్పి చూపితే, గంటకు 5 కిలోమీటర్ల వేగంతోనే తాతకూ మనవరాలికీ ఒకేసారి చెప్పదగ్గ కథ దొరుకుతుంది. దుంగలో కూర్చుని నీటి జారుడు మీద దబ్బున పడే లాగ్ ఫ్లూమ్ 1963లో అమెరికాలోని టెక్సాస్‌లో మొదలైంది. రాజమహేంద్రవరం మే నెల ఎండల్లో ఆ తుంపర ఒక్కటే సగం టిక్కెట్టు విలువ చేస్తుంది. వర్షాకాలంలో తడిసినా తేడా తెలియని రైడ్ అదొక్కటే. నదిని చూసి వచ్చినవాళ్లకు నదికి పోటీ పెట్టే ఎత్తైన ఇనుప గోపురం కంటే, నది కథకు చేర్పుగా నిలిచేది నప్పుతుంది.

ఇదంతా గాలిలో మేడలు కట్టే చర్చ అనుకోవద్దు. 1900లో రైళ్లకు తెరుచుకుని 1997లో సెలవు తీసుకున్న హేవలాక్ వంతెన మీదా, పుష్కర ఘాట్ చుట్టుపక్కలా విహార కేంద్రాలు తీర్చిదిద్దే అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. 2027లో మళ్లీ పుష్కరాలు. ఆ సందడిలో ఏ రైడ్ పెట్టాలన్న ప్రశ్న బల్లమీదికి వచ్చినప్పుడు అమ్మకందారు ముందుగా ఎత్తూ వేగమూ చూపిస్తాడు. నిర్ణయించేవాళ్లు ఆ పేజీ తిప్పేసి ఐదు అంకెలు రాతపూర్వకంగా అడగాలి: కొలబద్ద మీద గీత ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఉంది, తొక్కిడి రోజున నిజంగా గంటకు ఎంతమంది ఎక్కుతారు, సెకనుకు 50 మీటర్ల గాలికి లెక్క వేశారా, పునాది ఎంత లోతు, విడిభాగం ఎన్ని రోజుల్లో వస్తుంది. ఈ ఐదింటికీ సూటిగా జవాబున్న రైడ్ పదిహేను మీటర్లు మించకపోయినా కొనవచ్చు. జవాబు లేనిది నూటయాభై మీటర్లున్నా వద్దనాలి. టిక్కెట్టు కొనే మనం కూడా పార్కు గేటు దగ్గర అడగాల్సింది ఒకటే, మా ఇంట్లో అందరికంటే చిన్నదీ అందరికంటే పెద్దావిడా కలిసి ఎక్కేది ఇక్కడ ఏముందని.